ఒక్క అంకె ఖాళీ

గొడవ పళ్ళపేస్టు దగ్గర మొదలైంది.

యేసుదానం పొద్దున్నే పాలపాకెట్లకని కిందికి దిగి, వాటితోపాటు చిటికెనవేలంత పేస్టు ట్యూబు ఒకటి తెచ్చి వాష్‌బేసిన్ మీద పెట్టాడు. జయమణి దాన్ని చచ్చిన బల్లిని తోకపట్టి తెచ్చినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"ఏవండీ, ఇదేంటి?"

"పేస్టు."

"అది తెలుస్తోంది. ఇంట్లో నలుగురం ఉన్నాం. ఇది ఆదివారందాకా కూడా రాదు."

"రాకపోతే మళ్ళీ తెస్తాను. కిందేగా కొట్టు."

"పెద్దది ఒకటి తెచ్చి పడేస్తే రెండు నెలలు చూసుకోనక్కర్లేదు కదా!"

"పెద్దది తెస్తే దాన్ని ఎవరు అరగదీస్తారు?"

"నేను అరగదీస్తాను. నాకింకా పళ్ళున్నాయి."

లోపల గదిలో కోడలు ఫ్లోరా బ్యాంకుకి తయారవుతూ కిసుక్కున నవ్వింది. కొడుకు కెన్నీ అప్పటికే హెల్మెట్ పెట్టుకుని రుషికొండలో తన ఆఫీసుకి బయల్దేరిపోయాడు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఎవరో ఒకరి వైపు చేరి గొడవని ఇంకాస్త సాగదీసేవాడు.

"మనకింక పెద్ద సైజులెందుకు జయా," అంటూ యేసుదానం పేపరు మడిచి పక్కన పెట్టాడు. చదివి మడిచిన పేపరు కాదది. ఆరు నెలలుగా ఆయన పద్ధతి అంతే. విప్పడం, పెద్దక్షరాల్లో ఏమైనా అందితే అందుకోవడం, "ప్లాంటు గురించి ఏదో రాసినట్టున్నాడు" అని నిట్టూర్చడం, మడిచేయడం.

జయమణి డిగ్రీ చదివిన మనిషి. మాట తూచి మాట్లాడుతుంది. కానీ కోపం వస్తే మాత్రం పుట్టింటి భాష వచ్చేస్తుంది.

"ఏటండీ మీ గోల! అరవై ఎనిమిదేళ్ళకే ట్యూబు కొలుచుకుని బతుకుతారా ఎవరైనా?"

పేస్టుదేముంది, అది ఆఖరున వచ్చింది. టీపొడి చిన్న పాకెట్లలోకి దిగి ఆరు నెలలైంది. ఫోను రీఛార్జి ఇరవై ఎనిమిది రోజులకి మించి వేయించడు. అరిగిన చెప్పులకి అట్ట వేయించుకున్నాడు గానీ కొత్తవి వద్దన్నాడు. ఏదడిగినా "ఎన్నాళ్ళకని" అనే ఒక్క మాట. ఆ మాట ఇంట్లో గోడగడియారంలా టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది.

ఇలాంటి మనిషి కాదాయన. ముప్పై ఒక్క ఏళ్ళు ఉక్కు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేశాడు. బొగ్గుని గాలి తగలకుండా పదహారు గంటలు కాల్చి కోకు చేసే పొయ్యిలవి. వాటి గోడల మధ్య మంట మండే సందుల్లోకి పై కన్నంలోంచి నీలి అద్దం పెట్టుకుని చూసి, ఆ రంగుని బట్టి "పన్నెండు వందల అరవై డిగ్రీలు" అనేవాడు. పరికరంతో చూస్తే పదీ పదిహేనుకి మించి తేడా ఉండేది కాదు. ఆ కళ్ళకే ఇప్పుడు శుక్లాలు వచ్చాయి. మద్దిలపాలెంలో కంటి డాక్టరు ఎండాకాలంలోనే చెప్పాడు, చిన్న ఆపరేషను, పొద్దున్న వచ్చి సాయంత్రం ఇంటికి వెళ్ళిపోవచ్చు అని. రెండుసార్లు తేదీ ఇచ్చాడు. రెండుసార్లూ ఈయన వెళ్ళలేదు. "ఈ కళ్ళతో ఇంకేం చూడాలి, ఎన్నాళ్ళకని కోయించుకోవడం" అన్నాడు.

ఆయన ఎక్కడ జారిపోయాడో జయమణికి తెలుసు. ఇరవై రెండేళ్ళుగా సంఘంలో ఆదివారం బైబిలు వాక్యం చదివేది ఆయనే. గొంతు మందిరం చివరి బల్లదాకా మైకు లేకుండా వినపడేది. మొన్న ఈస్టరు నాడు చదువుతూ చదువుతూ ఒక వరస దాటేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఎక్కడున్నాడో తెలియక ఆగిపోయాడు. మందిరం మొత్తం ఆగింది. వెనకనించి ఎవరో మాట అందించారు. ఆయన పూర్తిచేసి దిగి వచ్చి కూర్చున్నాడు. మర్నాడు పాస్టరు గారికి ఫోన్ చేసి, "ఇంక కుర్రాళ్ళు చదువుకుంటారులెండి" అనేశాడు.

ఆ తర్వాత పాత షిఫ్టు మిత్రుల వాట్సాప్ గ్రూపొకటి మిగిలింది. అందులో నెలకో మనిషి పోతున్నాడు. ఫొటో రావడం, కింద అందరూ చేతులు జోడించడం. యేసుదానం కూడా బొటనవేలితో తడిమి ఏదో ఒకటి పంపిస్తాడు. చావంటే జయమణికి భయం లేదని కాదు. కానీ అంతకంటే పెద్ద దిగులు, ఈయన బతికుండగానే సామాను సర్దుకుని గుమ్మంలో కూర్చున్నాడే అని.

ట్యూబు ఇంకా ఆమె వేళ్ళ మధ్య ఉండగానే ఫోను మోగింది. ఎవరు చేస్తున్నారో కనపడదు కాబట్టి యేసుదానం ఏ ఫోనైనా స్పీకరు మీదే పెడతాడు.

"సార్, కామరాజునండి! మీ రాయి రెడీ అయిపోయింది. వచ్చి ఒకసారి చూసుకుంటే బండి ఎక్కించేస్తాను."

యేసుదానం గబగబా "ఆఁ ఆఁ, వస్తాం వస్తాం" అని కట్ చేశాడు.

"ఏం రాయి?" అంది జయమణి.

"రాయే."

"ఎవరి రాయండీ?"

ఆయన పేపరు మళ్ళీ విప్పాడు. తలకిందులుగా విప్పాడు. "నాదే," అన్నాడు.

జయమణి కుర్చీలో కూర్చుండిపోయింది.

సంగతి ఇది. ఈ నెల రెండో తారీఖు సమాధుల పండుగకి అందరూ సమాధుల తోటకి వెళ్ళారు. గడ్డి పీకి, రాళ్ళు కడిగి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించారు. యేసుదానం పెద్దన్నయ్య పోయి మూడేళ్ళయినా అక్కడ మట్టిదిబ్బా, చెక్క సిలువా తప్ప ఏమీ లేవు. ఆయన కొడుకులిద్దరూ, పెద్దోడు వేయిస్తాడని చిన్నోడూ, చిన్నోడు వేయిస్తాడని పెద్దోడూ ఊరుకున్నారు. యేసుదానం ఆ దిబ్బ మీద కొవ్వొత్తి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడే హైవే పక్కన కామరాజు షెడ్డుకి పోయి, తన రాయి తనే చెప్పొచ్చాడు.

"పిల్లలకి ఇబ్బంది ఉండకూడదని," అన్నాడు.

జయమణికి ఏడుపు రావలసింది. వచ్చిన మాట వేరు. "నా పేరుకి జాగా వదిలారా?"

యేసుదానం పేపరు మళ్ళీ మడిచాడు. "అది... నీది నీకు వేరేగా..."

"ముప్పై తొమ్మిదేళ్ళు ఒకే మంచం మీద పట్టాం. ఒక రాయి మీద పట్టమా? పదండి, చూద్దాం ఆ రాయేదో."

*

తీసుకెళ్ళడానికి తవిటయ్య ఉన్నాడు. కింద పోర్షన్లోనే ఉంటాడు. పాలకొండ వైపు రైతుల ఇంటి మనిషి. యేసుదానంతో ఒకే రోజు ప్లాంటులో చేరి, ఒకే షిఫ్టుల్లో ముప్పై ఏళ్ళు చెమటోడ్చి, ఒకే అపార్ట్‌మెంటులో మేడ మీదా కిందా ఇళ్ళు కొనుక్కున్నారు. మొన్నీమధ్యే రెండు మోకాళ్ళూ మార్పించుకున్నాడు.

"ఇరవై ఏళ్ళు గేరంటీ అంట బావా ఈ మోకాళ్ళకి," అన్నాడు కారు తీస్తూ. ఇది అందరికీ వందోసారి చెప్పడం. "నాను పోయినా అవి నడుసుకుంటూ ఇంటికొచ్చేత్తాయి. ఇంతకీ రాయెందుకు? ఇల్లు కడతన్నావేటి?"

"ఆయనకే," అంది జయమణి వెనక సీట్లోంచి.

తవిటయ్య అద్దంలోంచి ఆమె మొహం చూసి, ఇంక అడక్కుండా గేరు మార్చాడు.

కామరాజు షెడ్డులో దుమ్ము పొగమంచులా పట్టి ఉంది. ఒకవైపు గేటు పక్కన పెట్టుకునే ఇంటిపేరు పలకలు, ఒకవైపు వినాయకులు, గోడకి చేరేసి సిలువ రాళ్ళు. కోత మిషను చెవులు గింగుర్లెత్తిస్తోంది. కామరాజు కనురెప్పలదాకా తెల్లగా ఉన్నాడు. తడిగుడ్డతో ఒక నల్లరాతిని అడ్డంగా ఒక్క తుడుపు తుడిచి, పెళ్ళికూతురి ముసుగు తీసినవాడిలా పక్కకి జరిగాడు.

"చూసుకోండి సార్. ద్రాక్షతీగ నేనే కలిపాను. మీరడగలేదు గానీ, బాగుంటదని."

బాగానే ఉంది. పైన సిలువ, చుట్టూ తీగ, నడుమ 'కొండ్రు యేసుదానం' అని గుండ్రటి అక్షరాలు. జయమణి పెళ్ళికార్డు చేతికొస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులు చూసే రకం. వొత్తులు చూసింది, దీర్ఘాలు చూసింది. జననం 14-8-1957. సరే. కింద 'ప్రభువునందు నిద్రించినది' అని ఉంది. దాని పక్కన రోజుకి ఖాళీ, నెలకి ఖాళీ. తర్వాత సంవత్సరం.

ఆమె ఇంకోసారి చదివింది.

"కామరాజు గారూ, ఈ రెండేంటి?"

"ఏ రెండమ్మా?"

"ఇరవై పక్కనున్న రెండు. ఇక్కడ రెండు అంకెలకి ఖాళీ వదలాలి. మీరు ఒక్కదానికే వదిలారు."

మిషను ఆగింది. తవిటయ్య కొత్త మోకాళ్ళు వంచి రాతి ముందు కూర్చుని, వేలితో ఒక్కో అంకే చూపిస్తూ పైకి చదివాడు. "రెండు... సున్నా... రెండు... ఖాళీ. ఓరి బావా! అంటే ఇరవై తొమ్మిదో సంవత్సరం ఆఖరు. ఇది ఇరవై అయిదు. ఇంక నాలుగేళ్ళు నీకు. ఆ లోపల కానిచ్చేయాల. దాటితే రాయి పనికిరాదు."

యేసుదానం ముందుకి వంగాడు. కనపడలేదు. చెయ్యి చాచి వేలు పెట్టి తడిమాడు. రెండు వంపు తిరిగింది, సున్నా గుండ్రంగా తగిలింది, మళ్ళీ రెండు, ఆ తర్వాత వేలు నున్నగా జారిపోయింది.

"నాలుగేళ్ళా?" అన్నాడు.

వేలు వెనక్కి తెచ్చి ఇంకోసారి తడిమాడు.

"నాలుగేళ్ళేటి! ఎవడిచ్చాడు నాకు నాలుగేళ్ళు? మా నాన్న ఎనభై ఆరు బతికాడు! మా మేనత్త తొంభై రెండేళ్ళకి కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించింది! నాలుగేళ్ళంట!"

ఆ గొంతు! ఈస్టరు తర్వాత జయమణి ఆ గొంతు మళ్ళీ వినలేదు. షెడ్డు చివర టీ తాగుతున్న పనివాళ్ళు కూడా తలెత్తి చూశారు. పొద్దున పళ్ళపేస్టు ట్యూబుకి చాలనంత ఆయుష్షున్న మనిషి, ఇప్పుడు నాలుగేళ్ళు ఇస్తే చాలవని దెబ్బలాడుతున్నాడు. ఆమె పెదవి లోపలికి కొరుక్కుని ద్రాక్షతీగ మీద ఆకులు లెక్కపెట్టసాగింది.

"మీరు ఓకే అన్నారు కదండీ," అన్నాడు కామరాజు చిన్నబుచ్చుకుని. "ఈమధ్య చెక్కినవన్నీ రెండువేల ఇరవైల్లోవే కదా, కంప్యూటర్లో ఉన్న పాత రాయి నమూనాలోనే మీ పేరు మార్చి కొట్టాం. అయినా చెక్కేముందు ఫొటో పంపాను." ఫోను తీసి చూపించాడు. జయమణి అందుకుంది.

ఫొటోలో 202 స్పష్టంగా ఉంది. దాని కింద యేసుదానం పంపిన జవాబులు వరసగా ఉన్నాయి. ఒక బొటనవేలు. జోడించిన చేతులు. ఆ కింద తెల్లపూల గుత్తితో, 'ఆత్మకు శాంతి కలుగుగాక'.

"ఏవండీ," అంది జయమణి. నవ్వు గొంతులోనే ఉంది, మాట సరిగ్గా రావడంలేదు. "మీ రాయికి మీరే ఆత్మశాంతి పంపుకున్నారు."

తవిటయ్య ఇంక ఆగలేకపోయాడు. రాయి పట్టుకుని, ఆ రాయి మీదే తల ఆనించి నవ్వాడు. "గ్రూపులో ఎవుడో పోయాడనుకున్నాడు సెల్లెమ్మా! పోయింది తనేనని తెలీదు!"

యేసుదానం రెండు క్షణాలు బిగుసుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన మీసం కూడా కదిలింది.

"సరే, దీన్నేం చేద్దాం?" అన్నాడు.

"గ్రానైటండి, చెక్కింది చెరపలేం," అన్నాడు కామరాజు. "రెండుని మూడు చేయొచ్చు. కింద చిన్న వంపు తిప్పితే సరి."

యేసుదానం లోపల లెక్క వేసుకున్నాడు. "అంటే ముప్పై తొమ్మిది ఆఖరు. అప్పటికి నాకు ఎనభై రెండు." ఆగాడు. "మేనత్తకి తొంభై రెండు."

"బేరమాడతన్నావేటి బావా!"

"బేరం కాదెహె. ఆ ఇరుకెందుకని."

"పోనీ ఎనిమిది చేసేస్తానండి," అన్నాడు కామరాజు ఉత్సాహంగా. "రెండు పక్కలా మూసేస్తే ఎనిమిదే. ఇంక మీకు దిగుల్లేదు."

తవిటయ్య వేళ్ళు మడిచాడు. "రెండువేల ఎనభై... బావా, నూటిరవై మూడేళ్ళు! నా మోకాళ్ళ గేరంటీ కూడా అయిపోద్ది."

"నూటిరవై మూడా! వద్దు బాబూ. అన్నాళ్ళు ఎవరు వండిపెడతారు?"

"నేనైతే వండను," అంది జయమణి. చీర కుచ్చిళ్ళు దుమ్ముకి తగలకుండా ఎత్తి పట్టుకుని రాయి వెనక్కి వెళ్ళింది. అటువైపు గరుగ్గా ఉంది గానీ పగులు లేదు, వంకర లేదు. అరచేత్తో రాసి చూసింది.

"ఈ వైపు నునుపు చేసి ఇంటికి పంపించండి. ఏమీ చెక్కొద్దు."

"ఇంటికా? ఎందుకమ్మా?"

"మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చోడానికి చోటు లేదు," అంది జయమణి.

*

రాయి మర్నాడు వచ్చింది. తవిటయ్య తండ్రి పల్లెలో పొలం పని లేనప్పుడు తాపీపని చేసేవాడు. ఆ చెయ్యి కొడుక్కీ కొంత అబ్బింది. గేటు పక్కన కానుగచెట్టు నీడలో ఇటుకలతో రెండు దిమ్మలు కట్టి, పేరు కిందకీ నునుపు పైకీ ఉండేలా నలుగురిచేత రాయి ఎత్తించి పెట్టాడు. తవిటయ్య భార్య తాయారు మాత్రం దూరంగా నిలబడింది.

"అన్నయ్య పేరు మీద నాను కూకోను వదినా. పాపం తగుల్తాది."

"పేరు కిందుంది వదినా. అన్నయ్య పైన కూర్చుంటారు. చూడు."

సిమెంటు ఆరాక, శనివారం సాయంత్రం యేసుదానం నిజంగానే వచ్చి కూర్చున్నాడు. జయమణి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి పక్కన కూర్చుంది. హైవే మీద ఆఫీసులు వదిలిన బైకుల జోరు. సముద్రం ఇక్కడికి కనపడదు గానీ ఆ వేళకి గాలిలో చిన్న తడి వస్తుంది.

"బాగానే కుదిరింది," అన్నాడాయన రాయిని అరచేత్తో నిమిరి. "ఇద్దరం పట్టాం."

జయమణి ముందే అనుకుని వచ్చిన ప్రశ్న ఒకటుంది. ఏమీ అనుకోనట్టు అడిగింది.

"తుఫానులొచ్చి బొగ్గు ఓడ ఆలస్యమయ్యేది చూడండి, అప్పుడు మీరు ఓవెన్లు ఆర్పేసేవారా?"

"ఆర్పడమేటి! మతుండే అడుగుతన్నావా?" ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆర్పితే ఇంకేముంది? లోపలి ఇటుక అలాంటిది. ఒకసారి వేడెక్కాక దాన్ని చల్లారనివ్వకూడదు. చల్లారిందా, పగుళ్ళే. బొగ్గు తక్కువైతే టైము పెంచేవాళ్ళం. పదహారు గంటల్లో తీసేది ఇరవై నాలుగు గంటలకి తీసేవాళ్ళం. గ్యాసు తగ్గించి, వేడి మాత్రం దిగకుండా కాపలా కాసేవాళ్ళం. ఒకసారి పదకొండు రోజులు అలా..."

ఆగాడు. ఆమె వైపు తిరిగాడు.

"నువ్వెక్కడికి తీసుకెళ్తన్నావో నాకు తెలిసిందిలే. నాను ఓవెన్ని కాదు జయా."

"కాదు. దానికైతే ఇన్నిసార్లు చెప్పక్కర్లేదు."

ఆయన నవ్వాడు. నవ్వు అయ్యాక మాత్రం తల దించుకుని గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చున్నాడు. నెమ్మదిగా అన్నాడు.

"ఆపరేషనంటే భయం కాదు. ఇప్పుడు చదవలేకపోతున్నానంటే కన్ను మీద తోసేస్తున్నాను. రేపు కన్ను బాగుపడ్డాక కూడా చదవలేకపోతే? మళ్ళీ అందరి ముందూ ఆగిపోతే? అప్పుడు ఏం చెప్పుకోవాలి? ముసలాడైపోయాడు, అంతే కదా మిగిలేది."

ఇన్నాళ్ళూ "ఎన్నాళ్ళకని" అన్న మాట వెనక ఇది దాక్కుంది. జయమణికి ఆయన్ని ఓదార్చాలనిపించింది. ఓదారిస్తే ఆయన లేచి వెళ్ళిపోతాడనీ తెలుసు. అందుకని ఇంటి సామాను గురించి మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఆగితే నేనున్నాను. పక్కన నిలబడి అందిస్తాను. పెద్దక్షరాల పుస్తకం దొరుకుతుంది, కొందాం. అదీ కనపడకపోతే నాకు వినిపించి ముందే బట్టీ కొట్టండి. ఇరవై రెండేళ్ళుగా శనివారం రాత్రి వినేది నేనే కదా. ఆగిపోయినా మళ్ళీ ఎక్కడ అందుకోవాలో మీకంటే నాకే బాగా తెలుసు."

"నువ్వు తప్పులు పడతావు."

"పడతాను. అందుకే కదా రాయి మీద రెండు దొరికింది."

చెట్టు మీంచి కానుగ ఆకు ఒకటి రాలి ఆయన గ్లాసులో పడింది. తీసి పారేసి, మిగిలిన టీ తాగేశాడు. ఆమె ఆపరేషను సంగతి అడగలేదు. అడిగితే చెడుతుందని ఊరుకోవడం కూడా ఒక పనే, అది ఆమెకి వచ్చు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక యేసుదానం వెంటనే బయటికి రాలేదు. పాస్టరు గారి గది దగ్గర ఏదో మాట్లాడుతూ కనిపించాడు. దారిలో అడిగితే "ఏమీ లేదు, క్రిస్మస్ సంగతి" అన్నాడు.

భోజనానికి తవిటయ్యనీ తాయారునీ కూడా పిలిచారు. చేపల పులుసు, అన్నం, తాయారు తెచ్చిన గోంగూర. ఆరుగురికి బల్ల చాలక తవిటయ్య ప్లాస్టిక్ కుర్చీలో, కంచం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కింద కూర్చోమంటే కొత్త మోకాళ్ళకి డాక్టరు ఒప్పుకోలేదట. రాతి ముందు కూర్చున్నప్పుడు ఒప్పుకున్నాడా అని జయమణి అడగబోయి మానేసింది.

ఆమె అలవాటుగా ముందు భర్త కంచంలో ముక్కకి ముళ్ళు తీస్తోంది. నాలుగైదు నెలలుగా అదే పద్ధతి. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

"మమ్మీ, పేస్టు అయిపోయింది," అన్నాడు కెన్నీ. "పొద్దున ట్యూబుని కత్తిరించి మరీ తోముకున్నాను. సాయంత్రం కిందకి వెళ్తే డాడీ సైజుదే తేనా?"

ఫ్లోరా బల్లకింద అతని కాలు తొక్కింది. అందరి కళ్ళూ యేసుదానం వైపు తిరిగాయి.

"పెద్దది తే," అన్నాడాయన. "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ ఉంటే, అదే తే."

తాయారు చెయ్యి గోంగూర గిన్నె మీద ఆగింది. జయమణి మాత్రం ముల్లు మీదనించి చూపు తిప్పలేదు.

"ఇంకో మాట," అన్నాడు యేసుదానం. గొంతు సవరించుకున్నాడు. చదవడానికి లేచే ముందు అలాగే సవరించుకునేవాడు. "ఇప్పుడే అందరికీ చెప్పేస్తున్నాను, మళ్ళీ తలా ఒకరు అడక్కండి. బుధవారం కుడి కన్ను ఆపరేషను. పొద్దున ఎనిమిదింటికి రమ్మన్నారు. నిన్న రాత్రి నేనే ఫోన్ చేసి రాయించుకున్నాను. ఎడమది కొత్త సంవత్సరంలో. క్రిస్మస్ ఆరాధనలో మొదటి వాక్యం నాదని పాస్టరు గారికి చెప్పేశాను."

"ఒక కంటితోనే సదివేత్తావా బావా?" అన్నాడు తవిటయ్య.

"ఒకటి చాలు. ఆగిపోతే మీ సెల్లెమ్మ పక్కన నిలబడి అందిస్తుంది. ఆవిడ ఒప్పుకుంది."

"నిజమేనా అత్తయ్యా?" అంది ఫ్లోరా.

జయమణి ఆఖరి ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. వేలితో ముక్కని ఇంకోసారి నొక్కి చూసింది. ఏమీ తగల్లేదు. కంచం ఆయన ముందుకి జరిపింది.

"బుధవారందాకా తీసిపెడతాను," అంది. "ఆ తర్వాత మీ ముళ్ళు మీరే ఏరుకోండి."